పదో నంబరు చెప్పులు

శ్రీకాకుళం జి.టి.రోడ్డులో మాది చెప్పుల కొట్టు. మా నాన్న పెట్టింది. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే కాలు చూసి నంబరు చెప్పేస్తాను, తప్పేది తక్కువ. అలాంటి నేను, నా కాలే రెండు నంబర్లు పెరిగితే కంపెనీవాడు అచ్చు మార్చేశాడనీ, వయసనీ సర్దిచెప్పుకుంటూ ఆరేళ్లు గడిపేశాను.

పెళ్లినాటికి నాది 8. 2017 ప్రాంతంలో 9కి వచ్చాను. వయసొస్తే పాదం పరుచుకుంటుందని మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లకి నేనే చెబుతుంటాను. ఆ మాటే నాకూ చెప్పుకున్నాను. 2021కి 9 కూడా వేళ్లు నొక్కుతుంటే 10 తీసుకున్నాను. మా దగ్గర 10 అడిగేవాళ్లు అరుదు, తెచ్చిన సరుకులో ఆ నంబరు మిగిలిపోయి అడుగున పడుంటుంది. పోనీలే, అమ్ముడుపోనిది నాకైనా పనికొచ్చింది అనుకున్నాను. వ్యాపారి బుద్ధి అంతే మరి.

పెళ్లి ఉంగరం అంతకుముందే బిగుసుకుపోయింది. సబ్బు రాసినా రాకపోతే కంసాలి దగ్గర కోయించాను. కింది పళ్ల మధ్య సందులు వచ్చాయి. చలికాలంలో కూడా చొక్కా వీపుకి అంటుకుపోయేంత చెమట. తెల్లారి లేచేసరికి వేళ్లు తిమ్మిరెక్కి ఉండేవి, చొక్కా గుండీ పెట్టుకోడానికి అవస్థ. బి.పి. మాత్ర 2019 నుంచి ఉంది. ఇవన్నీ ఒక దారానికి గుచ్చిన పూసలని అప్పుడు ఎవరికి తెలుసు?

మా అప్ప ఆముదాలవలసలో ఉంటుంది. కరోనా రోజుల్లో రాకపోకలు లేక రెండేళ్ల తరవాత నన్ను చూసింది. గుమ్మంలోనే ఆగిపోయి, "తమ్ముడూ, నీ మొకం ఏటి అలగైపోనాది? దవడ ముందుకొచ్చీసింది" అంది. ఒళ్లు చేశానంటోంది కాబోలనుకుని నవ్వేశాను. రోజూ చూసే మా ఇంట్లోవాళ్లకి ఏ తేడా కనబడలేదు. రెండేళ్లు చూడని మనిషికి ఒక్క చూపులో కనబడింది.

ఇక గురక. అది మా ఇంట్లో పిత్రార్జితం. తాత పెట్టేవాడు, నాన్న పెట్టేవాడు. గురక పెట్టేవాడికి ఒళ్లు తెలియని నిద్ర అని మా వైపు పేరు. నాదీ అంతే అనుకున్నారు అందరూ, మా ఆవిడ తప్ప. ఆవిడకి సందేహం శబ్దం మీద కాదు, శబ్దం ఆగినప్పుడు.

"ఏటండీ, మీకు మధ్యలో ఊపిరి ఆగిపోతంది. నాను లెక్కెట్టినాను. ఒకటి రెండు అనుకుంటా ముప్పై దాకా వచ్చీసినాను, అప్పటికి ఎగబీల్చి లెగిసినారు."

"నువ్వు పడుకోకుండా నన్ను లెక్కెడతన్నావేటి?" అన్నాను. హాస్యమాడాను. ఆవిడ నవ్వలేదు.

పగలు నా పరిస్థితి చెప్పుకుంటే నామోషీ. గల్లాపెట్టె మీద తల వాల్చి నిద్ర. బేరం కుదిరి, డబ్బు లెక్కపెడుతూ నోట్ల కట్ట చేతిలో ఉండగానే నిద్ర. "బావూ, లెగు లెగు, తొమ్మిదో నంబరు తీస్తానని చెప్పి తొంగున్నావేటి?" అని పొందూరు నుంచి వచ్చిన ముసలాయన భుజం తట్టి లేపాడొకసారి. రథసప్తమినాడు అరసవల్లి జనం ఊరంతా నిండి, మా వీధిలో కాలు పెట్టే సందు లేని రోజున కూడా నేను నిల్చునే కునికాను. ఎనిమిది గంటలు పడుకుని లేచినా ఇదే. తెల్లారి తలనొప్పి, నోరంతా ఎండిపోయి ఉండేది. రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకి లేవడం. సుగరేమోనని చూపిస్తే పరగడుపున 118 వచ్చింది. 'సరిహద్దులో ఉంది, నడవండి' అన్నారు.

డాక్టర్లకి చూపించలేదని కాదు. ఒకాయన గ్యాసన్నారు. ఒకాయన బరువు తగ్గమన్నారు. ఇంకొకాయన ముక్కులో కొట్టుకునే మందిచ్చారు. వేళ్ల తిమ్మిరికి వేరే ఆయన బి విటమిన్ రాశారు. వాళ్లని తప్పుపట్టలేను. ఒక్కొక్కరికి నేను చూపించింది ఒక్కో ముక్క. మొత్తం మనిషిని ఎవరి ముందూ పెట్టలేదు.

2023 సంక్రాంతి వెళ్లాక, బాకీల వసూలుకి బండి మీద నరసన్నపేట బయల్దేరాను. సింగుపురం దాటానన్నది గుర్తుంది. తరవాత లారీ హారన్ గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. కళ్లు తెరిచేసరికి బండి రోడ్డు దిగి కంకర మీద జారుతోంది. మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. ఎలా బతికానో నాకిప్పటికీ అంతుబట్టదు. ఆ సాయంత్రం మా అబ్బాయి బండి తాళాలు తీసి వాళ్లమ్మకిచ్చాడు. "నువ్వు నిద్ర డాక్టరుకి చూపించుకున్నాకే ఇస్తాం నాన్నా" అన్నాడు. వాడు విజయనగరంలో ఫార్మసీ చదువుతున్నాడు. నిద్రకి కూడా డాక్టరుంటాడని మాకు చెప్పింది వాడే.

విశాఖపట్నంలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికెళ్లాం. మా ఊరికి వంద కిలోమీటర్ల పైచిలుకు. ఆయన ముందు ఒక కాగితం ఇచ్చారు, అందులో ఎనిమిది ప్రశ్నలు. కూర్చుని చదువుతుంటే కునుకు వస్తుందా, టీవీ చూస్తుంటే వస్తుందా, బస్సులో గంట కూర్చుంటే వస్తుందా, ఎవరితోనైనా మాట్లాడుతుంటే వస్తుందా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. 24కి 19 తెచ్చుకున్నాను. చదువుకున్న రోజుల్లో ఏ పరీక్షలోనూ అన్ని రాలేదు. పది దాటితేనే లెక్కలోకి తీసుకుంటారట.

ఆ రాత్రి అక్కడే స్లీప్ స్టడీ. తల మీద అక్కడక్కడ జిగురు పెట్టి వైర్లు అంటించారు. కళ్ల పక్కన, గడ్డం కింద, పిక్కల మీద కూడా. ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకో పట్టీ, పొట్టకో పట్టీ, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు. ఇన్ని తగిలించి 'హాయిగా పడుకోండి' అన్నాడా కుర్రాడు. నాకు నిద్ర పట్టదేమోనని వాడికి బెంగ. రెండు నిమిషాల్లో పడుకున్నానని తెల్లారి నవ్వుతూ చెప్పాడు. మా ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది. గోడ అవతల నుంచి కూడా వినబడిందట.

రిపోర్టులో గంటకి 52 అని ఉంది. గంటలో 52 సార్లు ఊపిరి పూర్తిగా ఆగడమో, బాగా తగ్గిపోవడమో. అయిదు లోపుంటే మామూలు, 30 దాటితే తీవ్రం. ఆరు గంటల నిద్రలో మూడొందల సార్లకి పైగా. ఒంట్లో ఆక్సిజన్ ఒక దశలో 71కి దిగింది. "మీరు నిద్రపోవడం లేదు. రాత్రంతా ఎవరో పీక పట్టుకుని వదులుతున్నట్టు, మునిగి తేలుతున్నారు" అన్నారు డాక్టరు. మా ఆవిడ నావైపు చూసిన చూపు, ఆ ముప్పై దాకా లెక్కపెట్టిన చూపే.

అక్కడితో ఒక మెషీను రాసిచ్చి పంపేస్తారనుకున్నాను. పంపేసినా ఎవరూ అడిగేవారు కాదు. ఆయన నోరు తెరవమని టార్చి వేసి చాలాసేపు చూశారు. నాలుక అంచుల మీద పళ్ల అచ్చులు ఉన్నాయన్నారు. నాలుక నోట్లో పట్టడం లేదన్నమాట. తరవాత నా చెయ్యి పట్టుకుని వేళ్లు చూశారు. చూసి అడిగారు:

"మీ చెప్పు సైజు ఎంత?"

నాకు నవ్వొచ్చింది. రోజుకి నలభైమందిని నేనడిగే ప్రశ్న అది. "పదో నంబరండీ" అన్నాను.

"పెళ్లప్పుడు?"

నవ్వు ఆగిపోయింది.

ఫోన్లో పాత ఫొటో ఏదైనా ఉంటే చూపించమన్నారు. అప్పకూతురు పెళ్లిది, పదేళ్ల కిందటిది ఒకటుంది. అందులో నన్ను పెద్దది చేసి, నా మొహం పక్కన పెట్టి చూశారాయన. కనుబొమల ఎముక, ముక్కు, పెదవులు, దవడ. మా అప్ప గుమ్మంలో నిలబడి అన్న మాటనే ఆయన ఇంగ్లీషులో రాశారు. ఆక్రోమెగలీ అనుమానం, హార్మోన్ల డాక్టరుకి చూపించాలి. పెద్దయ్యాక గ్రోత్ హార్మోన్ ఎక్కువై మొహం, చేతులూ కాళ్లూ పెరిగే జబ్బట అది.

రక్తపరీక్షలో ఐ.జి.ఎఫ్-1 అని ఒకటి చేశారు. గ్రోత్ హార్మోన్ రోజంతా కెరటాల్లా వచ్చి పోతూ ఉంటుందట, అందుకని ఎప్పుడో ఒకసారి తీసిన రక్తంలో దాన్ని కొలిచినా ప్రయోజనం లేదు. దాని ఆజ్ఞ మీద కాలేయం తయారుచేసే ఈ ఐ.జి.ఎఫ్-1 నిలకడగా ఉంటుంది, దీన్ని చూస్తే సరాసరి తెలుస్తుంది. నా వయసుకి 250 లోపు ఉండాల్సింది, 780 వచ్చింది. అది చాలక ఇంకో పరీక్ష. పరగడుపున 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి, అరగంటకోసారి రెండు గంటలపాటు రక్తం తీశారు. మామూలు మనిషికి తీపి తాగితే గ్రోత్ హార్మోన్ అడుక్కి పడిపోవాలి. నాది పడలేదు. ఆ నీళ్ల వెగటు రుచి మాత్రం సాయంత్రం దాకా నాలుక మీదే ఉంది.

తలకి ఎమ్మారై తీస్తే ముక్కు వెనకాల, మెదడు కింద, ఆ హార్మోన్ పుట్టే పిట్యూటరీ గ్రంథిలో 14 మిల్లీమీటర్ల గడ్డ. శనగగింజకన్నా కాస్త పెద్దది. పది మిల్లీమీటర్లు దాటితే పెద్ద గడ్డల్లో వేస్తారు. క్యాన్సర్ కాదని హార్మోన్ల డాక్టరమ్మ మొదటి వాక్యంలోనే చెప్పేశారు. ఆ ఒక్క మాట ముందు చెప్పినందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలి. చూపు నరం మీద ఒత్తిడి పడిందేమోనని కంటి పరీక్ష చేశారు, పడలేదు. గుండె స్కానింగులో గోడలు కొద్దిగా మందమయ్యాయి. పేగుల్లోకి గొట్టం వేసి చూసి ఒక చిన్న కండ తీసేశారు. ఈ జబ్బున్నవాళ్లకి పేగుల్లో అవి ఎక్కువట. ఆ గొట్టం సంగతి ఇంతకన్నా చెప్పను.

ఆవిడ గదిలో గోడకి పిట్యూటరీ బొమ్మ ఉంది. దాన్ని చూపిస్తూ చెప్పింది నాకు అర్థమైన తీరు ఇది. చిన్నపిల్లల్లో ఈ హార్మోన్ ఎక్కువైతే ఎముకలు నిడివి పెరిగి మనిషి తాడిచెట్టంత అవుతాడు. పెద్దయ్యాక ఎముకల చివర్లు మూసుకుపోతాయి, ఇంక పొడుగు పెరగడానికి దారి లేదు. అప్పుడు ఎముక మందంగా పెరుగుతుంది, దవడా నుదురూ చేతులూ కాళ్లూ. మెత్తటి కండ ఉబ్బుతుంది, అందులో నాలుక, కొండనాలుక చుట్టూ ఉన్న మెత్తటి పొర, గొంతు గోడలు. పగలు కండరాలు బిగువుగా ఉండి దారి తెరిచి ఉంచుతాయి. నిద్రలో వదులవగానే ఉబ్బిన నాలుక వెనక్కి జారి మూసేస్తుంది. కొందరికి దారి తెరిచే ఉన్నా మెదడే ఊపిరి తీయమని చెప్పడం మరిచిపోతుంది, అది ఇంకో రకం. నాది ఎక్కువ మొదటిదే. ఆక్రోమెగలీ ఉన్నవాళ్లలో సగానికి పైగా ఈ నిద్ర ఊపిరి జబ్బు ఉంటుందని, చాలామందికి అసలు జబ్బు బయటపడేసరికే ఏళ్లు గడిచిపోతాయని చెప్పింది. 1886లోనే పియర్ మారీ అనే ఫ్రెంచి డాక్టరు ఈ జబ్బుకి పేరు పెట్టాడట. నూట ముప్పై ఏడేళ్ల తరవాత దాన్ని నాలో కనిపెట్టడానికి ఒక చెప్పుల ప్రశ్న కావాల్సి వచ్చింది.

అక్కడ వరుసలో కూర్చున్నప్పుడు పాలకొండ నుంచి వచ్చిన ఒకామె కలిసింది. పక్కన తొమ్మిదేళ్ల కొడుకు, అయిదేళ్లవాడిలా ఉన్నాడు. "మా గుంటడికి ఆ హార్మోన్ సాలదట బావూ, రోజూ సూది ఎయ్యాలంట. మీకేటి?" అంది. "నాకు ఎక్కువైపోనాదమ్మా" అన్నాను. "అయ్యో, కూసింత మా వోడికి ఇచ్చీయొచ్చు కదా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సూది మొదలెట్టేముందు పిల్లాడు గురక పెడతాడా, టాన్సిల్స్ ఉన్నాయా అని డాక్టరు మూడుసార్లు అడిగిందట. గ్రోత్ హార్మోన్ ఇస్తే కొందరు పిల్లల్లో టాన్సిల్స్ ఉబ్బి రాత్రి ఊపిరికి అడ్డం పడొచ్చని. అంటే ఆ హార్మోన్ లోపల పుట్టి ఎక్కువైనా, బయట నుంచి ఇచ్చినా, ముందు చూడాల్సింది గొంతు దారే.

గడ్డ తీసే ఆపరేషన్‌కి రెండు నెలల గడువు దొరికింది. ఈలోపు మెషీను పెట్టుకోవాలన్నారు. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేటప్పుడు అసలు ప్రమాదం గడ్డ వల్ల కాదు, ఈ నాలుక వల్ల. ఊపిరి ఆగే మనిషికి మత్తిస్తే గొట్టం వేయడం కష్టం. అందుకని ముందు కొన్నాళ్లు మెషీను మీద పడుకుని గుండె, బి.పి. కుదుటపడాలని మత్తు డాక్టరు పట్టుపట్టారు.

సీపాప్ మెషీను అంటే పెద్ద సంగతేం లేదు. తలగడ పక్కన పెట్టుకునే చిన్న పెట్టె. గదిలో గాలినే లాగి, ఒక ఒత్తిడితో గొట్టం ద్వారా ముక్కులోకి పంపిస్తుంది. ఆ గాలే గొంతులో గుంజలా నిలబడి దారి మూసుకోకుండా చూస్తుంది. ఆక్సిజన్ సిలిండరు అనుకుని మా వీధిలో ఒకాయన పరామర్శకి వచ్చేశాడు, పళ్లు కూడా తెచ్చాడు. 1980 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివాన్ అనే డాక్టరు వాక్యూమ్ క్లీనర్ మోటారుని వెనక్కి తిప్పి దీన్ని తయారుచేశాడని మా అబ్బాయి చదివి చెప్పాడు. చెత్త పీల్చేదాన్ని తిరగేస్తే నాకు ఊపిరైంది.

మెషీను నలభై వేలకి పైనే అయింది. మాస్కు దగ్గర మళ్లీ నంబర్ల గొడవ. మధ్య రకం, పెద్ద రకం. పెరిగిన ముక్కుకి మధ్య రకం పట్టలేదు, పక్కల నుంచి గాలి లీకై కళ్లలో కొట్టేది. అమ్మే కుర్రాడు రెండోసారి కూడా అదే పెట్టి 'సర్దుకుంటుంది సార్' అన్నాడు. బాబూ, సర్దుకుంటుందన్న మాట నేనెన్ని వేలమందికి చెప్పి బిగుతు చెప్పులు అంటగట్టానో నాకు తెలుసు, పెద్దది తియ్యి అన్నాను.

మొదటి రెండు రాత్రులు మొహం మీద ఎవరో చెయ్యి పెట్టినట్టుండి పీకి పారేశాను. మూడోనాడు, పగలు మెలకువగా ఉండగా టీవీ చూస్తూ గంటసేపు పెట్టుకోమన్న సలహా పాటించాను. నాలుగో రాత్రి పదిన్నరకి పడుకున్నాను. కళ్లు తెరిస్తే తెల్లగా వెలుతురు. ఒక్కసారీ లేవలేదు. తలనొప్పి లేదు. కాకుల అరుపు, పాలవాడి సైకిలు గంట, నాగావళి వైపు నుంచి వచ్చే చల్లగాలి, అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. ఎన్నేళ్లయిందో అలా లేచి! పక్కన మా ఆవిడ లేచే ఉంది. "నిద్ర పట్టలేదేటి?" అన్నాను. "సద్దు లేకపోతే బతికున్నారో లేదోనని మూడుమాట్లు లెగిసి సూసినాను" అంది.

మా ఊరి కరెంటు సంగతి తెలిసిందే. గాలివాన రాత్రి పోయిందంటే మాస్కులో గాలి ఆగి ఉక్కిరిబిక్కిరై లేచేవాణ్ని. ఇన్వర్టరు పెట్టించాక ఆ బాధ తీరింది. తేమ కోసం మెషీనులో పోసేది డిస్టిల్డ్ వాటరే. మా బోరు నీళ్లు పోస్తే వారానికే తెల్లటి పెచ్చు కట్టింది.

2023 జూన్‌లో ఆపరేషన్. తల కోయరు, ముక్కులోంచే వెళ్తారు. మత్తు డాక్టరు ముందురోజు నోరు తెరిపించి, మెడ వెనక్కి వంచి, దవడ ముందుకు తీయించి చాలాసేపు చూశారు. మెలకువగా ఉండగానే సన్నని కెమెరా గొట్టం పట్టుకుని దారి చూసుకుంటూ ఊపిరి గొట్టం వేస్తామన్నారు. వేశారు. గొంతు మొద్దుబార్చినా ఆ నాలుగు నిమిషాలు మాత్రం మరిచిపోలేను. తరవాత సంగతి నాకు తెలియదు. లేచేసరికి ముక్కు నిండా దూది, తొడ మీద చిన్న కట్టు. గడ్డ తీసిన చోట కన్నం పూడ్చడానికి తొడలోంచి కాస్త కొవ్వు తీశారట.

వేళ్లు మూడో రోజుకే వదులయ్యాయి, నమ్ముతారో నమ్మరో. పిడికిలి బిగిస్తే ముడుచుకుంది. చెమట తగ్గింది. పోసిన ఒంటేలంతా క్యాన్లో పట్టి కొలిచారు. పిట్యూటరీ దెబ్బతింటే నీళ్లు ధారగా పోతాయట, ఉప్పు తేడా వస్తుందట. నాకు రెండు రోజులు పోయి ఆగింది.

అసలు కష్టం ఆ తరవాత. మెషీను పెట్టకూడదు. ముక్కు వెనక పూడ్చిన కన్నం మానకముందే ఒత్తిడితో గాలి కొడితే అది తలలోకి ఎక్కొచ్చు, మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారొచ్చు. నాకు ఆరు వారాలన్నారు. అంటే ఊపిరి ఆగే జబ్బు అలాగే ఉంది, ముక్కు పూర్తిగా మూసుకుంది, ఆదుకునే మెషీను అటక మీద. నిద్రమాత్ర ముట్టొద్దు, నొప్పిమాత్రల్లో కూడా మత్తువి వద్దు, వెల్లకిలా పడుకోవద్దు, మూడు తలగడలు ఎత్తిపెట్టి ఒరిగి పడుకోమన్నారు. చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. వంగకూడదు. కాలు కొలవడానికి వంగకుండా చెప్పుల కొట్టు నడిపేదెలా?

ఆ ఆరు వారాలూ మా ఆవిడ, మా అప్ప వంతులు వేసుకున్నారు. పదకొండు నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి అయిదు దాకా ఒకరు. వేలికి ఆక్సిజన్ క్లిప్పు. 85 కిందకి దిగితే భుజం తట్టి పక్కకి తిప్పడం. నేను తిట్టుకుంటూ తిరిగేవాణ్ని, తెల్లారితే ఏదీ గుర్తుండేది కాదు. అప్ప ఒక నోటుబుక్కులో ఎన్నిసార్లు లేపిందో గీతలు పెట్టింది. మొదటి వారం పేజీలన్నీ గీతలు. అయిదో వారానికి గీతల మధ్య ఖాళీ కనబడింది. ఆ పుస్తకం డాక్టరుకి చూపిస్తే, ఆవిడ ఫొటో తీసుకుంది.

మూడో నెల ఐ.జి.ఎఫ్-1 చేశారు, 340. బాగా దిగింది, కానీ గీత దాటే ఉంది. పెద్ద గడ్డల్లో దాదాపు సగం మందికే ఆపరేషన్ ఒక్కదానితో సరిపోతుందట. నేను రెండో సగంలో పడ్డాను. నెలకోసారి పిరుదు మీద ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ మొదలైంది. ఖరీదు సంగతి అడక్కండి, కొట్టు మీద తెచ్చిన అప్పు ఇంకా నడుస్తోంది. ఇంజెక్షన్ వేసిన రెండు రోజులు కడుపులో గడబిడ. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు, విశాఖ నుంచి ఐసు డబ్బాలో పెట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంటాను. చేపలనుకుని పక్కసీటాయన ఎంతకి పడ్డాయని అడిగాడోసారి.

అందరూ ఒకటే మాట. గడ్డ తీసేశారు కదా, ఇంక ఆ తొండం ఎందుకు? టెక్కలిలో మేనల్లుడి పెళ్లికి మెషీను పట్టుకెళ్తే పిల్లలు నా చుట్టూ చేరి ఏనుగు తాత అని పేరు పెట్టారు. నాకూ అదే ఆశ. గురక సగానికి సగం తగ్గింది, పగటి నిద్ర లేదు, బండి తాళాలు తిరిగొచ్చాయి. మెషీను తీసి అటక మీద పడేద్దామనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "లెక్కలో తేలనీ, అప్పుడు తీద్దారి" అంది.

ఇంజెక్షన్లు మొదలెట్టిన ఆరు నెలలకి, 2024లో, మళ్లీ స్లీప్ స్టడీ. అదే గది, అదే కుర్రాడు. ఐ.జి.ఎఫ్-1 అప్పటికి మామూలైపోయింది. కాబట్టి ఇదీ మామూలే వస్తుందని స్వీటు కూడా కొనుక్కెళ్లాను. గంటకి 19 వచ్చింది. 52 నుంచి 19. సంతోషపడాలా ఏడవాలా తెలియలేదు. పదిహేను దాటితే మధ్యరకం తీవ్రత, మెషీను ఉండాల్సిందే. ఒత్తిడి మాత్రం 12 నుంచి 8కి తగ్గించారు.

"అన్నీ నయమయ్యాక ఇది ఎందుకుండిపోయింది మేడమ్?" అని అడిగాను. గొంతులో కాస్త కోపం కూడా ఉందేమో.

"ఇప్పుడు మీ చెప్పు ఎలా ఉంది?" అంది ఆవిడ.

చెప్పాను. పక్కలకి వదులైంది. పట్టీలో ఇంకో వేలు దూరుతుంది. నిడివి మాత్రం ఇంచుమించు అలాగే ఉంది, 9 వేస్తే బొటనవేలు కొట్టుకుంటుంది.

"అదే" అంది. ఉబ్బిన కండ తగ్గుతుంది, పెరిగిన ఎముక వెనక్కి రాదు. నాలుక చిక్కింది కాబట్టి 52 కాస్తా 19 అయింది. దవడ, అంగిలి ఆకారం మారినవి మారినట్టే ఉంటాయి. దానికి తోడు నా బరువు 88, అది తగ్గితే ఇంకొంత దిగొచ్చు. హార్మోన్‌కి వైద్యం ఒకటి, ఊపిరికి వైద్యం ఒకటి, దాని లెక్క దానిదే, ఏడాదికోసారి చూసుకుంటూ పోవాలి. ముందే ఎవరైనా ఈ ముక్క చెప్పి ఉంటే స్వీటు డబ్బులు మిగిలేవి. డబ్బా ఆ వైర్ల కుర్రాడికి ఇచ్చేసి వచ్చాను.

కోయించిన ఉంగరం కంసాలి అతికిచ్చాడు, వేలికి పడుతోంది. చెప్పులు పదో నంబరే వేస్తున్నాను. వదులుకి లోపల ఒక అట్ట కోసి పెట్టుకున్నాను.